రోహిణి ఎండ, గుమ్మడి వడియాలు

శనివారం రాత్రి తొమ్మిదిన్నర. వంటింటి నేల మీద పాత పేపరు పరిచి ఉంది. దాని మీద కత్తిపీట, ఒక చిల్లుల గిన్నె, ఉతికి ఆరేసిన పాత పంచె ముక్క, మధ్యలో బూడిద గుమ్మడికాయ. సాయంత్రం కూకట్‌పల్లి రైతుబజారులో ఏరి తెచ్చాను. ఒళ్లంతా తెల్లగా బూడిద పట్టి ఉంది. గోరుతో నొక్కితే దిగదు. లేతకాయకైతే గోరు దిగుతుంది. అది పులుసులోకి బాగుంటుంది గానీ వడియాలకి పనికిరాదు. మీరు గుమ్మం అవతలే నిలబడండి, ఇవతలికొస్తే కాలికి కత్తిపీట తగులుతుంది. మా చిన్నోడికీ ఇదే చెప్పాను. వాడు గడప అవతల గొంతుక్కూర్చుని, మోకాళ్ల మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు.

ఫోను ఉప్పు డబ్బాకి ఆనించి నిలబెట్టాను. అందులో తెనాలి దగ్గర మా ఊరిలో, అరుగు మీద మంచం వేసుకుని కూర్చున్న అమ్మ.

"కొట్టు నాన్నా. మగాళ్లే కొట్టాలి కాయని" అంది.

మా ఇళ్లలో అది ఆనవాయితీ. నిండు గుమ్మడికాయ మీద ఆడవాళ్లు మొదటి దెబ్బ వెయ్యరు. చిన్నప్పుడు నాన్న వచ్చి కాయను రెండు చెక్కలు చేసి, చేతులు దులుపుకుని వీధి అరుగు మీదకి వెళ్లిపోయేవాడు. అక్కడి నుంచి వడియాలు డబ్బాలో పడేదాకా పనంతా అమ్మది, నానమ్మది. మగవాడి వంతు ఆ ఒక్క దెబ్బే. నేనూ కాయ కొట్టాను. తెల్లటి గుజ్జు మధ్య గింజలు వరసలు తీరి ఉన్నాయి, పచ్చి దోసకాయ కోసినప్పటి వాసన గుప్పుమంది. కొట్టి లేచిపోకుండా పీట ముందు కూర్చున్నాను.

మా ఆవిడ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. రేపు ఆదివారమైనా పొద్దున డ్యూటీ. తొమ్మిదింటికే పడుకుంది. వేసవి సెలవుల్లో ఇది ఆఖరి పక్షం. జూన్ 12న బడులు తెరుస్తారు. పిల్లల యూనిఫాంలు పొడుగు సరిచెయ్యాలి, బాత్రూంలో కుళాయి కారుతోంది, హాల్లో ఫ్యాను తిరగలేక తిరుగుతోంది, వడియాల డబ్బా ఖాళీ అయింది. ఇవన్నీ ఆదివారం నా చేతుల్లో పెట్టుకున్నాను. పెట్టుకునేముందు ఒకటి నేర్చుకున్నాను, అది చెప్పడానికే మిమ్మల్ని ఇక్కడ నిలబెట్టాను. ఇంటిపనిలో సగం మనం చెయ్యం. ఉప్పు చేస్తుంది, నీళ్లు చేస్తాయి, ఎండ చేస్తుంది. వాటికి పని అప్పజెప్పే ఘడియలో మనం అక్కడ ఉండాలి, వాటి చేతిలోంచి తిరిగి తీసుకునే ఘడియలో ఉండాలి. ఆ రెండు ఘడియలూ తెలిసినవాడు ఉద్యోగం చేసుకుంటూ కూడా ఇల్లు నడపగలడు. తెలియనివాడికి రోజంతా ఖాళీగా ఉన్నా ఇల్లు నడవదు.

ముక్కలు చూడండి. తొక్క తియ్యడం లేదు, పైన బూడిద తుడిచేశానంతే. తొక్కతో ఉంటేనే వడియం వేగాక పంటికింద కరకరమంటుంది. ముందు నిలువుగా పలకలు, పలకల్ని కడ్డీలు, కడ్డీల్ని చిటికెన వేలి గోరంత ముక్కలు. "అంత పెద్దవైతే ఎండవురా" అని ఫోనులోంచి అమ్మ. ఇంకా సన్నం చేశాను. గంట సేపు పట్టింది. గింజలున్న మెత్తటి గుజ్జు సగం వేశాను, సగం తీసేశాను. అమ్మ మొత్తం వేస్తుంది, మా అత్తగారు అసలు వెయ్యరు, నాకు రెండిళ్లూ కావాలి.

ముక్కల మీద రాళ్ల ఉప్పు, పసుపు చల్లి, చేత్తో పైకీ కిందకీ కలిపాను. చూస్తుండగానే ముక్కలు చెమ్మ పట్టి మెరవడం మొదలుపెట్టాయి. బూడిద గుమ్మడిలో నూటికి తొంభై అయిదు పాళ్లకు పైగా నీళ్లే. ఆ నీళ్లు ముక్కల్లోనే ఉండిపోతే రేపు పిండి జావైపోతుంది, గుడ్డ మీద పెట్టిన వడియం నిలబడకుండా పారుతుంది. కత్తి నీటిని బయటికి తేలేదు, ఉప్పు తెస్తుంది. ముక్కలన్నీ పంచె ముక్కలో మూట కట్టి, చిల్లుల గిన్నెలో పెట్టి, కింద బేసిన్ ఉంచాను. పైన బరువు పెట్టాలి. అమ్మ పొత్రం పెట్టేది. ఇక్కడ పొత్రం లేదు, అయిదు లీటర్ల కుక్కరు నిండా నీళ్లు పోసి ఎక్కించాను. మొదటి చుక్క బేసిన్‌లో పడింది. చిన్నోడు లేచి వెళ్లి పడుకున్నాడు. ఇక తెల్లారేదాకా ఈ పని ఉప్పుది.

పదకొండున్నరకి మినపగుళ్లు కడిగి నానపోశాను. కిలో ముక్కలకి పావు కిలో కన్నా కొంచెం ఎక్కువ పప్పు, అది అమ్మ లెక్క. నేను అయిదింటికి లేస్తాను కాబట్టి పదకొండున్నరకి నానపొయ్యాలి. ఈ ఎండాకాలంలో సాయంత్రమే పోసేస్తే తెల్లారేసరికి పప్పు పులుపు వాసన కొడుతుంది. ఎప్పుడు లెయ్యాలన్నది తేల్చుకుని వెనక్కి లెక్కపెట్టుకోవాలి. మాలతీ చందూర్ 'వంటలు - పిండివంటలు' మా అత్తగారింటి నుంచి మా ఇంటికి వచ్చింది, అట్ట ఊడిపోయి, పేజీల మీద నూనె మరకలతో. కొలతలకి ఆ పుస్తకం తెరుస్తాను. కానీ నా డ్యూటీ వేళలకి, మా ఆవిడ షిఫ్టులకి, ఈ ఇంటి డాబా మీద నీడ పడే వేళకి ఒక వంటకాన్ని సర్దుకోవడం ఏ పుస్తకమూ చెప్పదు. అది ఇంటివాళ్లే కూర్చుని వేసుకోవాల్సిన లెక్క.

పొద్దున అయిదు. బయట ఇంకా మసక చీకటి. కుక్కరు కాస్త కిందకి దిగి ఉంది, మూట చదునైంది, బేసిన్‌లో పసుపు పచ్చటి నీళ్లు. గ్రైండరు వేస్తే పిల్లలు లేస్తారని వంటింటి తలుపు మూశాను. మీరు లోపలే ఉండండి. పప్పు వార్చేసి, అల్లం, పచ్చిమిరపకాయలు ముందు నలగనిచ్చి, పప్పు కొంచెం కొంచెంగా వేస్తున్నాను. నీళ్లు చేతి తడి అంతే. గ్రైండరు రాయి మొదట గరగరమంది, తర్వాత ఆ శబ్దం మెల్లగా మెత్తబడింది. గరిటెకి అంటుకున్న పిండి తెల్లగా, ఉబ్బుగా ఉంది. చిన్న గిన్నెలో నీళ్లు పోసి అందులో చిటికెడు పిండి వేశాను. మునిగింది. ఇంకొంచెం సేపు తిప్పాను. మళ్లీ వేశాను. ఈసారి తేలింది. అంటే పిండిలోకి కావలసినంత గాలి చేరింది. ఆ గాలే రేపు నూనెలో వడియాన్ని గుల్లగా పొంగిస్తుంది. నీళ్లు ఎక్కువ పోస్తే పిండి త్వరగా నలుగుతుంది గానీ గాలిని పట్టి ఉంచలేదు. గారెకైనా వడియానికైనా, రుబ్బిన మినప్పిండికి ఈ తేలే పరీక్షే కొలత.

మూట విప్పి, ముక్కల్ని రెండు చేతులతో గట్టిగా పిండాను. వేళ్ల సందుల్లోంచి ఇంకా నీళ్లు కారాయి. మళ్లీ పిండాను. ముక్కలు ఇప్పుడు మెత్తగా, బరువు తగ్గి, కొంచెం పొడిపొడిగా ఉన్నాయి. పిండిలో వేసి, జీలకర్ర, ఇంగువ కలిపాను. ఉప్పు మాత్రం రుచి చూడకుండా వెయ్యకూడదు, ముక్కల్లో రాత్రిదే ఉంటుంది. ఎండే కొద్దీ ఉప్పు పైకి తేలుతుంది కాబట్టి పచ్చి పిండిలో చప్పగా అనిపించినా సరే, ఆపెయ్యాలి.

మా ఆవిడ యూనిఫాం వేసుకుని వంటింట్లోకి వచ్చింది. గిన్నెలో వేలు పెట్టి నాలిక్కి రాసుకుంది. "కారం సరిపోయింది. డాబా మీదకి దోమతెర తీసుకెళ్లండి, పావురాలు ఆగవు" అంది. టీ తాగి, టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లిపోయింది. దోమతెర సంగతి నేను రాత్రే గుర్తుపెట్టుకున్నాను, తలుపు పక్కన మడత పెట్టి ఉంది. అది ఆమె చూడలేదు. ఏళ్ల తరబడి ఇంట్లో ప్రతిదీ ఆమె తలలోనే ఉండేది. గ్యాసు ఎప్పుడు అయిపోతుంది, మా పెద్దమ్మాయికి టీకా ఎప్పుడు, పప్పు డబ్బాలో పురుగు పడిందా లేదా. చెప్పిన పని చేసిపెట్టే మగవాడు ఇంట్లో ఉన్నా, చెప్పడం అనే పని ఆమె మీదే ఉండేది.

2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా సమయ వినియోగ సర్వే జరిపింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని అందులో తేలింది. అసలు ఆ పనిలో చెయ్యి పెట్టే మగవాళ్లే అప్పటికి నూటికి ఇరవై ఆరుగురు. ఆ లెక్క చదివిన రోజు నాకు తోచింది ఇది: దోమతెర గుర్తుపెట్టుకోవడం ఏ నిమిషాల్లోకీ రాదు. చేతికి అందిన పని పంచుకోవడం తేలిక. తలలో ఉన్న పనిని పంచుకోవాలంటే, ఒక పనిని మొదటి నుంచి చివరిదాకా పూర్తిగా ఒకరు తీసుకోవాలి. అందుకే వడియాలు మొత్తం నావి.

ఆరున్నర. అయిదంతస్తులు ఎక్కి వచ్చాం. మీకు ఆయాసం వస్తే మెట్ల గది నీడలో కూర్చోండి, ఈ వేళకే నేల వెచ్చబడింది. రోహిణి కార్తె వచ్చి నాలుగు రోజులు కాలేదు. ఈ కార్తె ఎండలకి రోళ్లు పగులుతాయని మావైపు అంటారు. ఊరంతా తిట్టుకునే ఎండ వడియాలు పెట్టేవాళ్లకి మాత్రం కావాలి. మినప్పిండి తడి ఆరకముందే పులిసిపోతే వడియం పుల్లబడి రంగు మారుతుంది. ఎండ ఎంత తీక్షణంగా ఉంటే అంత మంచిది. మృగశిర వచ్చిందంటే మబ్బులు మొదలవుతాయి, ఇక ఈ పని చెయ్యలేం.

రెండు మడత మంచాలు వేసి, వాటి మీద పాత చీర ముక్కలు తడిపి, నీళ్లు పిండేసి పరిచాం. మంచం ఎందుకంటే, సాయంత్రం గాలివాన వస్తే ఇద్దరం చెరో పక్క పట్టుకుని ఎత్తుకెళ్లిపోవచ్చు. నేల మీద పరిస్తే అది కుదరదు. పెద్దదానికి పదకొండేళ్లు. అది చెయ్యి తడి చేసుకుని, మూడు వేళ్లతో పిండి తీసి, బొటనవేలితో జార్చి పెడుతోంది. చిన్నోడు పెట్టినవి కొన్ని కుంకుడుకాయంత, కొన్ని నిమ్మకాయంత. నిమ్మకాయంతవి నేను రెండు చేస్తున్నాను. మధ్యలో వేలెడు ఎడం ఉండాలి, లేకపోతే ఒకదానికొకటి అతుక్కుని అంచులు ఎండవు.

నాలుగో అంతస్తు పిన్నిగారు బట్టలు ఆరేయడానికి వచ్చారు. ఆవిడది వరంగల్ వైపు. మంచం దగ్గరికొచ్చి వంగి చూశారు.

"మీ అమ్మ వచ్చిందా బిడ్డా?"

"లేదు పిన్నిగారూ, నేనే."

"మంచిగ గట్టిగ రుబ్బినవ్. అటుదిక్కు టాంకీ నీడ పడ్తది పది దాటినంక. మంచం ఇటు జరుపు."

నీళ్ల ట్యాంకు నీడ సంగతి నాకు తెలియదు. ఆవిడ రోజూ ఇక్కడ బట్టలు ఆరేస్తారు, ఆవిడకి ఈ డాబా మీద ఎండ గంట గంటకీ ఎక్కడుంటుందో తెలుసు. మంచాలు పడమటి గోడ వైపుకి జరిపాం. దోమతెర నాలుగు కర్రల మీద వేసి, అంచులకి ఇటుకలు పెట్టాం. పావురాలు ట్యాంకు మీద నుంచి చూస్తున్నాయి. ఇక సాయంత్రం దాకా ఈ పని ఎండది.

ఎనిమిదింటికి బాత్రూం. ఇక్కడ ఇరుకు, మీరు బయటే ఉండి లోపలికి తొంగి చూడండి. కుళాయి ఎంత బిగించినా చుక్క చుక్క కారుతోంది. రాత్రి కింద పెట్టిన బకెట్‌లో తెల్లారేసరికి చెంబెడు నీళ్ల పైనే ఉన్నాయి. ఈ ఊళ్లో మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చినా, మా బిల్డింగులో వాటికి బోరు నీళ్లు కలుస్తాయి. బకెట్ అంచున, షవర్ చిల్లుల్లో, కుళాయి మూతి చుట్టూ ఆ తెల్లటి పొక్కు బోరు నీళ్ల సున్నమే.

కారే కుళాయి దగ్గర ముందు చూడాల్సింది ఎక్కడ కారుతోందనే. కట్టేసినా మూతిలోంచి కారితే లోపల వాషర్ అరిగింది. తిప్పినప్పుడు పిడి కింద నుంచి ఊరితే పైన గ్లాండ్ దగ్గర చుట్టిన దారం పోయింది. గోడ దగ్గర చెమ్మ ఉంటే గోడలో బిగించిన మర వదులైంది, అప్పుడే కుళాయి మొత్తం విప్పాలి, అప్పుడే తెల్లటి టెఫ్లాన్ టేపు పని. మాది మొదటి రకం. ఆ మధ్య పై ఫ్లాటులో పనికి వచ్చిన ప్లంబరు పక్కన నిలబడి టార్చి పట్టుకుని, అడిగి అడిగి తెలుసుకున్న సంగతులివి. పనివాడికి టార్చి పట్టడం కన్నా మంచి చదువు నాకు ఇంతవరకు దొరకలేదు.

ఇవాళ టార్చి పెద్దదాని చేతిలో ఉంది. ముందు బాత్రూం వాల్వు కట్టేశాను. తర్వాత కుళాయి తిప్పి గొట్టంలో మిగిలిన నీళ్లు పోనిచ్చాను. కింద రంధ్రం మీద పాత గుడ్డ కప్పాను, స్క్రూ జారి అందులో పడితే ఇక దొరకదు. పిడి మీద చిన్న మూత, దాని కింద స్క్రూ. పిడి రాలేదు, సున్నం పట్టేసింది. మగ్గులో గోరువెచ్చటి నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, గుడ్డ ముంచి పిడి చుట్టూ చుట్టాను. పావుగంట చాలు, అంతకన్నా ఉంచితే పైన మెరుగు పోతుంది. గుడ్డ అంచున సన్నటి నురగ తేలింది.

"ఆ బుడగలేంటి నాన్నా?" అంది పెద్దది.

సున్నం మీద పులుపు పడితే బొగ్గుపులుసు గాలి బుడగలుగా వస్తుందని చెప్పాను. తను షవర్ తల విప్పి తెచ్చి అదే మగ్గులో ముంచింది. నేను చెప్పలేదు, తనకే తోచింది.

పిడి వచ్చింది. పానాతో స్పిండిల్ విప్పాను. ఎడమకి తిప్పితే విడుతుంది, పిడి ఉండే వైపు నుంచి చూడాలి. స్పిండిల్ చివర నల్లటి రబ్బరు బిళ్ల. ముట్టుకుని చూడమని పెద్దదానికిచ్చాను. నడుమ గుండ్రంగా గాడి పడి, ఒక అంచు చిట్లి ఉంది. ఆ చిట్లులోంచే రాత్రంతా నీళ్లు కారాయి. పాతది జేబులో వేసుకుని వీధి చివర హార్డ్‌వేర్ దుకాణానికి నడిచాం. పాతది చేతిలో లేకుండా ఆ దుకాణానికి వెళ్లకూడదు, అరంగుళం వాషర్లే అయిదు రకాలుంటాయి.

"పాతది తెచ్చినవా అన్నా? గట్లయితే ఒక్క నిమిషం" అన్నాడు దుకాణం అబ్బాయి. రెండు కొన్నాను, ఒకటి ఇంట్లో ఉంటుంది. వాషర్ ఎక్కించడం, స్పిండిల్ బిగించడం పెద్దది చేసింది. చివరి చుట్టు మాత్రం నేను. వాల్వు తెరిచాం. మూతిలోంచి ఒక చుక్క పడింది, రెండోది పడలేదు. షవర్ ఇప్పుడు అన్ని చిల్లుల్లోంచీ పోస్తోంది. వాషర్ అరిగినకొద్దీ మనం కుళాయిని ఇంకా గట్టిగా బిగిస్తాం, బిగించినకొద్దీ వాషర్ ఇంకా అరుగుతుంది. ఇకనుంచి నీళ్లు ఆగగానే చెయ్యి ఆపమని ఇద్దరికీ చెప్పాను.

మధ్యాహ్నం అన్నం, ముద్దపప్పు, ఆవకాయ, మజ్జిగ. కుక్కరు రాత్రంతా మూట మీద బరువుగా కూర్చుంది, ఇప్పుడు దాని అసలు పని చేసింది.

హాల్లో ఫ్యాను సంగతి: అయిదు మీద పెట్టినా నెమ్మదిగా తిరుగుతోందంటే ఎక్కువసార్లు కండెన్సర్ బలహీనపడిందని అర్థం. సీలింగ్ ఫ్యాన్లకి సాధారణంగా 2.5 మైక్రోఫారడ్‌ది ఉంటుంది. ఏం పోయిందో తెలుసుకున్నాను, చెయ్యి మాత్రం పెట్టలేదు. మెయిన్ ఆపేసినా కండెన్సర్‌లో కరెంటు కాసేపు నిలిచి ఉంటుంది. పైగా నిచ్చెన కింద ఆరేళ్లవాడు తిరుగుతున్న ఇల్లు ఇది. ఎలక్ట్రీషియన్‌కి ఫోను చేసి, ఏది తెచ్చుకోవాలో చెప్పాను. రేపు సాయంత్రం వస్తానన్నాడు.

రెండింటికి కర్టెన్లు వేసి, హాల్లో చాప మీద యూనిఫాంలు పరిచాం. ఇక్కడ కూర్చోండి, మీకూ ఒక సూది ఇస్తాను. ఇవి శుక్రవారమే ఉతికి ఆరేశాం. నూలు కలిసిన బట్ట మొదటి ఉతుకుకి కుంచించుకుపోతుంది. కొన్నది కొన్నట్టే మడిచి కుట్టేస్తే బడి తెరిచేసరికి పొట్టిదవుతుంది. పెద్దదాని ప్యాంటు ఒక సైజు పెద్దది తీసుకున్నాం. అడుగున మూడంగుళాలు లోపలికి మడిచి, వచ్చే ఏడాది విప్పి వదలాలి. తను బూట్లు వేసుకుని నిలబడింది. చెప్పుల మీద కొలిస్తే లెక్క తప్పుతుంది. సుద్దముక్కతో గీత గీశాను. అంచు అరంగుళం ఒక మడత, దాని మీద మిగతాదంతా ఇంకో మడత. కుట్టేముందు ఇస్త్రీపెట్టెతో ఆ మడత మీద నొక్కాలి. ఇస్త్రీ మడతని పట్టి ఉంచుతుంది, సూదికి సగం కష్టం తగ్గుతుంది.

మిషను మీద కుట్టిస్తే అయిదు నిమిషాల పని, నిజమే. కానీ మిషను కుట్టు వచ్చే ఏడాది విప్పితే చిల్లుల వరస బట్ట మీద నిలిచిపోతుంది. చేత్తో హెమ్మింగు చేస్తే దారం లాగగానే వచ్చేస్తుంది, గుర్తు ఉండదు. దారం మూరన్నర మించకూడదు, మించితే మెలిపడి ముడి పడుతుంది. ఒంటి పోగు. సూది లోపలి మడత అంచులోంచి బయటికి వస్తుంది, తర్వాత పై బట్టలో రెండంటే రెండు నూలు పోగుల్ని మాత్రం పట్టుకుంటుంది, మళ్లీ మడతలోకి దూరి పావంగుళం అవతల తేలుతుంది. ఆ రెండు పోగులే కీలకం. నాలుగు పట్టుకుంటే బయటివైపు చుక్కలు కనిపిస్తాయి. ఒక్కటే పట్టుకుంటే కాలివేలు తగలగానే తెగుతుంది. దారం లాగేటప్పుడు బిగించకూడదు, బట్ట ముడుచుకుంటుంది. బట్టని వెలుతురుకి ఎత్తి, ఆ రెండు పోగుల్ని సూదిమొనతో ఏరుతుంటే ఊపిరి దానంతట అదే నెమ్మదిస్తుంది. నాకు ఆదివారం మధ్యాహ్నం నిద్ర కన్నా ఇది ఎక్కువ విశ్రాంతి.

ఒక కాలు నేను కుట్టాను, రెండోది పెద్దదానికి ఇచ్చాను. మొదటి నాలుగు కుట్లు ఎడమెడంగా వచ్చాయి. అలాగే ఉంచమన్నాను, లోపలివైపేగా. చిన్నోడు చొక్కా బొత్తాం కుడుతున్నాడు. బొత్తాం మీద అగ్గిపుల్ల అడ్డంగా పెట్టి దాని మీదుగా దారం పోనివ్వాలి. చివర్లో పుల్ల లాగేస్తే బొత్తాం కింద కొంచెం వదులు మిగులుతుంది. ఆ వదులు చుట్టూ దారం మూడు నాలుగు చుట్లు చుట్టి ముడి వెయ్యాలి. అప్పుడు కాజాలో పెట్టినా బట్ట లాగినట్టు ఉండదు. వాడికి అగ్గిపుల్ల లాగే క్షణం కోసమే ఇదంతా. మళ్లీ కుడతానని ఇంకో బొత్తాం తెంపబోయాడు. ఊడినవి ఇంకా ఉన్నాయని మా ఆవిడ చీరల జాకెట్ల హుక్కుల డబ్బా వాడి ముందు పెట్టాను.

మూడున్నరకి మా ఆవిడ వచ్చింది. స్నానం చేసి వస్తూ, "కుళాయి ఎవరు చేశారు?" అంది. పెద్దది చెయ్యెత్తింది.

అయిదింటికి గాలి మారింది. పడమటి నుంచి దుమ్ము లేచింది, ఆకాశం ఒక పక్క నల్లబడింది. ఎండాకాలంలో కార్తె ఏదైనా ఈ సాయంత్రపు గాలిదుమారాలు తప్పవు. నలుగురం మెట్లెక్కి పరుగెత్తాం, మీరూ రండి. దోమతెర ఇటుకల్ని లాక్కుంటూ ఎగురుతోంది. వడియాలు పైన పొరకట్టి గట్టిపడ్డాయి, వేలితో తడితే అంటడం లేదు, అడుగున ఇంకా పచ్చి. తెల్లటి పిండి గోధుమ వన్నెకి తిరగడం మొదలైంది, అక్కడక్కడ గుమ్మడి ముక్క అద్దంలా మెరుస్తోంది. నేనూ మా ఆవిడా ఒక మంచం, పెద్దదీ, సాయానికి వచ్చిన పిన్నిగారి అబ్బాయీ ఇంకోటి. మెట్ల గదిలోకి తెచ్చి పెట్టేసరికి పెద్ద పెద్ద చినుకులు పడ్డాయి. పది నిమిషాల్లో వెలిసింది.

అమ్మకి వీడియోలో చూపించాను. దగ్గరగా పెట్టమంది. "అంచులు పగల్లేదు, బానే రుబ్బావు. రాత్రికి అలాగే ఉంచు, మూత పెట్టకు, చెమ్మ పడుతుంది. పొద్దున్నే ఎండలో పెట్టెయ్" అంది.

"గుడ్డ మీంచి ఎప్పుడు తియ్యాలి?" మా ఆవిడ నన్ను అడిగింది.

"మంగళవారం సాయంత్రం. నేను ఇల్లు చేరేసరికి ఏడు దాటుతుంది, నీకు ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ. వెలుతురుండగా తియ్యాలి."

"నేను తీస్తా" అంది పెద్దది.

"గుడ్డ తిరగేసి వెనకవైపు నీళ్లు చిలకరించు. పావుగంట ఆగు. ముందు ఒక్కటి లాగి చూడు, రాకపోతే ఇంకాస్త చిలకరించు. గోరు పెట్టి పీకకు, అడుగు విరుగుతుంది. తీసినవి పళ్లెంలో పోసి పెట్టు. బుధ, గురువారాలు మళ్లీ ఎండకి పెట్టి డబ్బాకెత్తుదాం."

"పొద్దున మంచాలు ఎవరు బయట పెడతారు?"

"ఆరింటికి నేను. టాంకీ నీడ తప్పించి, పడమటి గోడ వైపు."